ఓటేరి నుంచి తరమణి దాకా: ఊపిరి లెక్క

మన పత్రికలో ఊర్లు చూసి వచ్చినవాళ్ళు తిరుపతి గురించి, కాశీ గురించి, శ్రీశైలం గురించి రాస్తుంటారు. నేను రాసేది ఒక్క రోజు ప్రయాణం, అదీ మద్రాసు లోపలే. పొద్దున 7 గంటలకు ఓటేరిలో బయలుదేరి, చేట్‌పట్టు మీదుగా తరమణి పోయి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరినాము.

పోయింది ఇద్దరం. నేనూ, నా తమ్ముడూ. ఇద్దరమూ నూలు మిల్లులో పనిచేసి దిగినవాళ్ళమే. నేను రింగ్ ఫ్రేములో. వాడు బ్లో రూములో, ఆ తర్వాత కార్డింగులో. నాకు 68, వాడికి 64. చూసేవాళ్ళు మాత్రం వాడినే అన్న అనుకుంటారు. నాలుగు మెట్లు ఎక్కితే నిలబడిపోతాడు. రాత్రి రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకొని కూర్చున్నట్టే పడుకుంటాడు. మా మరదలు నిద్రపోదు. వాడి ఊపిరి వింటూ చీకట్లో కూర్చుంటుంది. ఒకరోజు నన్ను అడిగింది: "బావగారూ, ఊపిరి ఆడేది చూసి సెల్లుకు చెప్పే మిషను వచ్చిందంట గదా. వైరు కూడా ఉండదంట. అది మనలాంటోళ్ళకు దొరుకుతుందా? కనుక్కోండి."

ఆ మాట పట్టుకొని బయలుదేరినాము. మన వాళ్ళల్లో ఇట్లాంటి తమ్ముళ్ళు, మామలు, నాయనలు ప్రతి పేటలో ఉన్నారు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మిల్లు గోడ పక్కన

పెరంబూరు, ఓటేరి, పట్టాళం, పులియంతోపు. ఈ పేటలన్నీ మిల్లు కూతకు లేచి, మిల్లు కూతకు పడుకున్న పేటలు. బకింగ్‌హామ్ మిల్లు 1876లో వచ్చింది. కర్నాటిక్ మిల్లు దాని తర్వాత కొన్నేళ్ళకు వచ్చింది. రెండూ కలిసి బి అండ్ సి అయినాయి. జనం నోట్లో మాత్రం బిన్నీ మిల్లు. ఇక్కడ నేసిన ఖాకీ గుడ్డ పోలీసుల ఒంటి మీద, పట్టాళం వాళ్ళ ఒంటి మీద దేశమంతా తిరిగింది. మా తాత నెల్లూరు వైపు నుంచి కరువుకు వచ్చి ఇక్కడ కాలు పెట్టినాడు. మా నాయన బి అండ్ సి లోనే మగ్గాల ఖాతాలో పనిచేసినాడు. నేనూ తమ్ముడూ పోయింది వేరే మిల్లుకు. దాని పేరు ఇక్కడ అక్కరలేదు. దూది దుమ్ము ఏ మిల్లులో అయినా ఒకటే.

1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఈ పేటల్లోనే పుట్టింది. మన దేశంలో పద్ధతి ప్రకారం పెట్టిన మొదటి కార్మిక సంఘాల్లో దాన్నే ముందు చెప్తారు. బి.పి. వాడియా అధ్యక్షుడు. తిరు.వి.క. పక్కన నిలబడినాడు. వాళ్ళ కంటే ముందు మిల్లు జనాన్ని పోగు చేసినవాళ్ళు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. అన్నం తినడానికి ఇచ్చే టైము చాలడం లేదనేది మొదట్లో అడిగినవాటిలో ఒకటి. ఆ టైము తక్కువని గడియారం చూపించి అడగొచ్చు. కూలి తక్కువని డబ్బులు లెక్కపెట్టి అడగొచ్చు. ఊపిరి తక్కువ పడుతోందని ఏది చూపించి అడిగేది? ఆ రోజు మొత్తం నాకు ఈ ఒక్క ప్రశ్నే వెంట వచ్చింది.

బి అండ్ సి 1996లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు మెడ ఎత్తి చూడాల్సినంత ఎత్తు ఇళ్ళు లేచినాయి. పాత గోడ అక్కడక్కడ ఉంది. ఆ గోడ పక్కన నడుస్తూ తమ్ముడు రెండుసార్లు ఆగినాడు. ఆగినప్పుడు ఏదో చూస్తున్నట్టు గోడ వైపు తిరుగుతాడు. ఊపిరి అందక ఆగినానని నాకు కూడా తెలియకూడదు వాడికి.

అక్కడికి కొంచెం దూరంలోనే ఓటేరి టీబీ ఆస్పత్రి. తిరువొట్టీశ్వరర్ పేరు మీద ఉండే సర్కారు ఊపిరితిత్తుల ఆస్పత్రి అది. మా చిన్నప్పుడు దాని ముందు నుంచి పోయేటప్పుడు ముక్కు మూసుకొని పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు అక్కడ టీబీ ఒక్కటే కాదు, ఆయాసం, దమ్ము, పొగ రోగం అన్నిటికీ చూస్తారు. దగ్గులో ఏ దగ్గు ఏదో తేల్చుకోవాలంటే మొదట పోవాల్సింది ఇట్లాంటి చోటికే. మిషను సంగతి ఆ తర్వాత.

సోమవారం బరువు

మన పిల్లలకు తెలియదు కాబట్టి దుమ్ము సంగతి కొంచెం చెప్తాను. బేలు విప్పి దూదిని బ్లో రూములో వేస్తే అది విరిగి, చీలి, గాలిలో లేస్తుంది. దాంతో పాటు ఆకు పొడి, కాయ తొడిమె పొడి, మట్టి. కార్డింగులో ముళ్ళ తీగల మీద దువ్వేటప్పుడు ఇంకా సన్నది లేస్తుంది. కనురెప్పల మీద, చెవుల్లో, మీసం మీద తెల్లగా పేరుకుంటుంది. కనపడే దుమ్ము తుడుచుకుంటే పోతుంది. కనపడని దుమ్మే లోపలికి పోతుంది. షిఫ్టు అయినాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే దుమ్ము కడుక్కుపోతుందని మా మేస్త్రి చెప్పేవాడు. ఎంత బెల్లం తిన్నాము! బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము ఉండేది ఊపిరితిత్తుల్లో.

ఆ రోగం పేరు బిసినోసిస్. దానికి ఒక గుర్తు ఉంది. ఆదివారం సెలవు తీసుకొని సోమవారం పనిలోకి దిగితే, ఆ రోజు రొమ్ము మీద రాయి పెట్టినట్టు ఉంటుంది. మంగళవారానికి తగ్గుతుంది. మొదట్లో సోమవారం ఒక్కటే. కొన్నేళ్ళకు బుధవారం దాకా వస్తుంది. ఇంకొన్నేళ్ళకు వారమంతా. అప్పటికి మిల్లు మానేసినా అది మనిషిని మానదు. జనపనార, అవిసె నార దువ్వేవాళ్ళకు దగ్గు, ఆయాసం వస్తాయని ఇటలీ డాక్టరు రామజ్జిని 1700లోనే పుస్తకంలో రాసినాడు. ఇంగ్లండు లాంకషైరు మిల్లుల్లో 1950ల్లో దీన్ని మెట్లు మెట్లుగా విడగొట్టి రాసినారు. అమెరికాలో 1978లో దూది దుమ్ము ఇంతకు మించకూడదని చట్టం పెట్టినారు.

మన దగ్గర ఈ.ఎస్.ఐ. చట్టంలో వృత్తి వల్ల వచ్చే రోగాల పట్టీ ఉంది. అందులో ఈ రోగం పేరు కూడా ఉంది. చట్టంలో ఉంది సరే, చేతికి ఎందుకు రాలేదు? చిక్కు ఇక్కడ ఉంది. ఈ రోగం ఎక్స్‌రేలో పట్టుబడదు. టీబీ అయితే మచ్చ కనపడుతుంది. దీనికి ఫిల్ము చాలాసార్లు తేటగా ఉంటుంది. మా మిల్లులో తమ్ముడు రొమ్ము బరువని పోతే ఫిల్ము చూసి "ఏమీ లేదు, బీడీ మానెయ్" అన్నారు. వాడు బీడీ తాగినవాడే, అది అబద్ధం కాదు. అయితే బీడీకి సోమవారం, మంగళవారం తేడా తెలుస్తుందా?

ఈ రోగాన్ని పట్టేది ఊదుడు పరీక్ష. సోమవారం షిఫ్టుకు ముందు ఒకసారి గొట్టంలో ఊదాలి, షిఫ్టు దిగినాక ఇంకోసారి ఊదాలి. అంకె పడిపోతే దుమ్ము పని చేసినట్టు. ఊదుడు మిషనును జాన్ హచిన్‌సన్ అనే డాక్టరు లండన్‌లో 1846లో చూపించినాడు. రెండు వేల మందికి పైగా చేత ఊదించి లెక్కలు రాసినాడు. చేతిలో పట్టుకొనే చిన్న గొట్టం 1959లో మార్టిన్ రైట్ చేసిన మిషను నుంచి వచ్చింది. అంటే తమ్ముడు పనిలోకి దిగేనాటికే ఈ గొట్టం లోకంలో ఉంది. మా మిల్లు గేటు లోపలికి మాత్రం రాలేదు.

చేట్‌పట్టులో ఒక పాత సంగతి

ఓటేరి నుంచి పురసవాక్కం మీదుగా బస్సులో చేట్‌పట్టు చేరినాము. అక్కడ ఇప్పుడు క్షయ పరిశోధన జాతీయ సంస్థ ఉంది. 1956లో మొదలయింది. లోపల మాకు పని లేదు. గేటు ఎదురుగా చెట్టు కింద టీ తాగి, తమ్ముడు దమ్ము తీసుకొనేదాకా కూర్చున్నాము. అయినా ఈ గేటు చూడాలని నేను పట్టుబట్టి తీసుకొచ్చినాను. కారణం చెప్తాను.

ఆ రోజుల్లో టీబీ వస్తే శానిటోరియంలో పడుకోవాలి. తాంబరం శానిటోరియం 1928 నుంచి ఉంది. మంచి గాలి, పాలు, గుడ్లు, పడక. ఉండే పడకలు కొన్ని, రోగులు వేలు. అప్పుడు ఇక్కడి డాక్టర్లు ఒక పరీక్ష పెట్టినారు. మద్రాసు బీదపేటల రోగుల్లో సగం మందిని శానిటోరియంలో పెట్టినారు. సగం మందిని వాళ్ళ ఇళ్ళల్లోనే పెట్టి మాత్రలు ఇచ్చినారు. ఇంట్లో వాళ్ళకు పాలూ లేవు, పడకా లేదు, ఒకే గదిలో ఆరుగురు. ఏడాది తర్వాత చూస్తే ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా శానిటోరియం వాళ్ళతో సమానంగా నయమయింది. ఇంట్లో మిగతావాళ్ళకు రోగం ఎక్కువగా అంటలేదు. 1959లో ఈ ఫలితం బయటకు వచ్చింది. ఆ తర్వాత లోకమంతా టీబీ రోగికి ఇంట్లోనే మందు అనే దారి పట్టింది.

మన పేటల మనుషుల ఊపిరితో తేలిన సంగతి ఇది. దీన్లో ఇంకో ముక్క ఉంది, అది మరచిపోతే మొత్తం చెడుతుంది. ఇంటికి పోయింది మాత్రలు ఒక్కటే కాదు. వాటి వెనక మనిషి పోయినాడు. హెల్త్ విజిటర్లు చెప్పకుండా ఇంటికి వచ్చేవాళ్ళు. మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్ళు. మూత్రం పరీక్షకు తీసుకొనేవాళ్ళు. రాని రోగిని వెతుక్కుంటూ సందుల్లో తిరిగేవాళ్ళు. ఆస్పత్రి ఇంటికి రావాలంటే మనిషి కూడా రావాలి.

ఎత్తు రైలు

చేట్‌పట్టు స్టేషన్లో ఎలక్ట్రిక్ రైలు ఎక్కి ఎగ్మూరు దాటి పార్కులో దిగినాము. రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్. అక్కడ నుంచి వేళచ్చేరి పోయే ఎత్తు రైలు. ఈ రైలు చింతాద్రిపేట దాటినాక కాలువ వెంబడి ఇళ్ళ కప్పుల మీదుగా పోతుంది. చేపాక్కం దగ్గర క్రికెట్ మైదానం, ఆ తర్వాత తిరువల్లికేణి, లైట్ హౌసు, మైలాపూరు. కొట్టూరుపురం దగ్గర అడయారు నది మీద వెళ్తుంటే కిటికీలోంచి మంచి గాలి వస్తుంది. తమ్ముడు కిటికీ పక్కన కూర్చొని "అన్నా, ఈ గాలి మిల్లులో ఉంటే ఇంకో పదేళ్ళు పనిచేసుందును" అన్నాడు.

రైలు బాగుంది గానీ స్టేషన్లు మన కోసం కట్టినవి కావు. కింద రోడ్డు మీద నుంచి పైన ప్లాట్‌ఫారానికి కోట ఎక్కినట్టు మెట్లు. కదిలే మెట్లు, లిఫ్టు ఎక్కడ ఉన్నాయో వెతుక్కోవాలి. వెతికినా ఆ రోజు పనిచేస్తుందో లేదో మన అదృష్టం. పార్క్ టౌన్‌లో వాడు 12 మెట్లకు ఒకసారి ఆగినాడు. నేను వాడికి చెప్పకుండా చేతి గడియారం చూసి వాడి ఊపిరి లెక్కపెట్టినాను. నిమిషానికి 32. బెంచీ మీద పావుగంట కూర్చున్నాక 24.

లెక్క ఎట్లా పెట్టాలో ఇక్కడే చెప్తాను, అందరూ నేర్చుకోవచ్చు. రొమ్ము గానీ పొట్ట గానీ లేచి దిగితే ఒకటి. పూర్తి ఒక నిమిషం చూడాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయకూడదు, తప్పు వస్తుంది. లెక్కపెడుతున్నామని మనిషికి చెప్పకూడదు. చెప్తే వాడి ఊపిరి మారిపోతుంది. ఊరికే కూర్చున్న పెద్ద మనిషికి 12 నుంచి 20 దాకా మామూలు. చిన్నపిల్లలకు వేరే. దగ్గు, జ్వరం ఉన్న బిడ్డకు రెండు నెలల లోపయితే 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, ఆ లెక్క గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే న్యుమోనియా అనుమానం. వెంటనే ఆస్పత్రికి ఎత్తుకొని పోవాలి. ఊపిరి లాగేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే లెక్క కూడా అక్కరలేదు, పరుగెత్తాలి.

తరమణిలో చూసింది

తిరువాన్మియూరు స్టేషన్లో దిగితే ఎదురుగా టైడల్ పార్కు. అక్కడ నుంచి ఆటోలో కానగం రోడ్డు. మిల్లు గేటు దగ్గర షిఫ్టు వదిలినట్టే ఇక్కడా మనుషులు గుంపులు గుంపులుగా పోతుంటారు. మెడలో టోకెను బదులు కార్డు. ఐఐటీ రీసెర్చ్ పార్కు ఈ రోడ్డులోనే ఉంది. 2020 కరోనా టైములో ఐఐటీ మద్రాసు వాళ్ళూ, హెలిక్సాన్ అనే కంపెనీ వాళ్ళూ కలిసి వైరు లేని మిషను ఒకటి తెచ్చినారు. ఒంటి వేడి, రక్తంలో ఆక్సిజను, గుండె లెక్క, ఊపిరి లెక్క నాలుగూ చూసి సెల్లుకు పంపేది. ధర 2,500 నుంచి 10,000 రూపాయల దాకా అని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆస్పత్రుల్లో నాలుగూ చూపించే పెద్ద మిషన్ల ధర ముందు ఇది చాలా తక్కువ.

మేము పోయింది అక్కడికి దగ్గరలోనే ఇంకో చిన్న కంపెనీకి. మా వీధి పిల్ల ఒకతె ఇంజనీరింగు చదివి అందులో చేరింది. వాళ్ళ మిషను ఇంకా బజారుకు రాలేదు, పేరు రాయొద్దు తాతా అంది. రాయను. రెండు గదులు, నాలుగు బల్లలు, టంకం పొగ వాసన. ఆ వాసన చూసి తమ్ముడు "ఇక్కడ కూడా దుమ్మేనా?" అని అడిగితే పిల్ల నవ్వి ఫ్యాను తిప్పింది.

బల్ల మీద బిళ్ళ అంత ముక్క. బరువు తెలియదు. రొమ్ము మీద పక్కటెముకల దగ్గర ప్లాస్టరులాగా అతికిస్తారు. లోపల ఏముందని అడిగినాను. సెల్‌ఫోను అడ్డం తిప్పితే బొమ్మ కూడా అడ్డం తిరుగుతుంది కదా తాతా, ఆ తిరిగింది కనిపెట్టే ముక్కే ఇది అంది. రొమ్ము లేస్తే అది కొంచెం వాలుతుంది, దిగితే మళ్ళీ తిరుగుతుంది. ఆ వాలు లెక్కే ఊపిరి లెక్క. ఇంకా వేరే దార్లు కూడా ఉన్నాయంట. ముక్కు దగ్గర లోపలికి పోయే గాలి చల్లన, బయటికి వచ్చే గాలి వెచ్చన, ఆ తేడా పట్టుకోవడం ఒకటి. రొమ్ము చుట్టూ సాగే పట్టీ కట్టడం ఒకటి. వేలికి పెట్టే క్లిప్పు ఎర్ర వెలుతురు, కంటికి కనపడని ఇంకో వెలుతురు వేసి రక్తంలో ఆక్సిజను చూస్తుంది. అది 1970ల్లో జపాను ఇంజనీరు తకువో అవోయాగి కనిపెట్టిన సంగతి. ఆ వెలుతురు ఎగుడుదిగుడుల్లోంచే ఊపిరి లెక్క కూడా తీయొచ్చంట. బెంగుళూరులో డోజీ అనే వాళ్ళు పరుపు కింద పరిచే షీటు చేసినారు. ఒంటికి ఏమీ తగలకుండానే గుండె, ఊపిరి లెక్క చెప్తుంది. ఊదే మిషన్లలో కూడా వైరు లేనివి వచ్చినాయి, సిప్లా వాళ్ళ స్పైరోఫై 2021లో వచ్చింది.

వైరు లేకపోతే ఏమి లాభం? ఆస్పత్రిలో వైర్లు తగిలించుకున్నవాడు దొడ్డికి పోవాలన్నా అన్నీ పీకాలి. పీకినవి మళ్ళీ తగిలించేది ఎవరు? ఇది అతికించుకొని నడవొచ్చు, పడుకోవచ్చు. అయితే గాలిలోకి కబురు పంపడానికే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుందంట. అందుకని బిళ్ళ లోపలే లెక్క కట్టుకొని, అంకె ఒక్కటే సెల్లుకు పంపేట్టు చేస్తున్నారు. పది మాటలు చెప్పాల్సిన చోట ఒక్క మాట చెప్పే మనిషి లాగా.

తమ్ముడికి అతికించింది. సెల్లు మీద 24 అని పడింది. నేను గడియారం పెట్టుకొని చూస్తే 25. సరిగ్గానే ఉంది. వాడు మాట్లాడడం మొదలుపెట్టగానే 38 అంది, దగ్గితే ఇంకా ఎక్కడికో పోయింది. కదిలితే, మాట్లాడితే, దగ్గితే దీనికి తికమక. పిల్లలు ఎక్కువ కష్టపడుతున్నది ఇక్కడేనంట. రాత్రి పదిసార్లు ఊరికే మోగితే పదకొండోసారి నిజంగా మోగినా ఎవరూ లేవరు. నాయనా పులి కథే. వేలి క్లిప్పు పెడితే 93 చూపించింది. ఆ పిల్ల ఒక సంగతి దాచకుండా చెప్పింది. 2020లో అమెరికా డాక్టర్లు చూస్తే, నల్లవాళ్ళ ఒంట్లో ఆక్సిజను తక్కువగా ఉన్నా క్లిప్పు బాగుందని చెప్పడం తెల్లవాళ్ళ కంటే ఇంచుమించు మూడు రెట్లు ఎక్కువంట. ఒంటి రంగును బట్టి వెలుతురు తేడా పడుతుంది. అంటే మనలాంటి నల్లటి ఒంటి మీద 93 అంటే దానికంటే తక్కువ కూడా ఉండొచ్చు. అంకె ఒక్కటే నమ్మి, మనిషి ముఖం చూడడం మానకూడదు.

రాత్రి మోగితే ఎవరు వస్తారు?

చివరికి మా మరదలి ప్రశ్న అడిగినాను. ఇది మా ఇంటికి ఎంతకు వస్తుంది? పిల్ల లెక్క చెప్పింది. లోపలి ముక్కలు చవక. తయారు చేసేది చవక. వందల మంది రోగుల మీద పరీక్ష చేసి, సర్కారు లైసెన్సు తీసుకొనేదానికే డబ్బు, ఏళ్ళు పడతాయి. అది పడాల్సిందే తాతా, లేకపోతే బొమ్మకూ దీనికీ తేడా ఏముంది అంది. ఆ మాట నాకు నచ్చింది.

నేను ఇంకోటి అడిగినాను. "రాత్రి రెండు గంటలకు ఇది మోగింది అనుకో. మా మరదలి సెల్లులో మోగింది. తర్వాత?" పిల్ల కొంచెంసేపు మాట్లాడలేదు. ఆస్పత్రిలో ఒక గదిలో తెర పెట్టి ఒక నర్సమ్మ కూర్చుంటే ఆమెకు కనపడుతుంది, ఆమె ఫోను చేసి మందు చెప్తుంది, లేకపోతే 108 బండి పంపిస్తుంది. అది ఉంటేనే దీనికి అర్థం. ఆ నర్సమ్మ జీతం మా బిళ్ళ ధరలో లేదు తాతా అంది.

చేట్‌పట్టు గేటు దగ్గర నేను అనుకున్నదీ ఇదే. చవక మిషను అంటే మిషను ధర ఒక్కటే కాదు. దాని వెనక లేచి వచ్చే మనిషి ధర కూడా. మిషను వచ్చింది కదా, ఇంక ఆస్పత్రిలో పడక ఎందుకు, డాక్టరు ఎందుకు అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. మిషను వద్దని కూడా అనకూడదు. మా మరదలు చేస్తున్నది ఏంది? రాత్రంతా ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటున్నది. ఆ పని మిషను చేస్తే ఆమె నాలుగు గంటలు నిద్రపోతుంది. పొద్దున ఇంటి పనులకు పోయే ఆడమనిషికి ఆ నాలుగు గంటలు చిన్న సంగతి కాదు.

తమ్ముడు అనింది వేరే. తిరుగు రైలులో చాలాసేపు ఊరకుండి, "అన్నా, ఈ బిళ్ళ ముప్పై ఏళ్ళ ముందు సోమవారం సోమవారం నా రొమ్ముకు అతికించి ఉంటే?" అన్నాడు. ఉంటే వారం వారం అంకె పడి ఉండేది. ఫిల్ములో లేనిది కాగితం మీద ఉండేది. బీడీ అని నోరు మూయించలేకపోయేవాళ్ళు. బ్లో రూములో నుంచి ముందే మార్చి ఉండేవాళ్ళేమో. ఈ రోగం మొదట్లో పట్టుకొని దుమ్ము తప్పిస్తే తగ్గుతుంది. ముదిరినాక తగ్గదు.

మనం చేసుకోగలిగింది

మన పిల్లలు, మనవళ్ళు ఇప్పుడు కూడా నూలు మిల్లుల్లో, పవర్‌లూముల్లో ఉన్నారు. షోలాపూరులో ఉన్నారు, భివండీలో ఉన్నారు, కోయంబత్తూరు, తిరుప్పూరులో ఉన్నారు. వాళ్ళ కోసం చెప్తున్నాను. వైరు లేని మిషను ఇంటికి వచ్చేదాకా కాచుకొని ఉండక్కరలేదు.

ఊదే చిన్న గొట్టం, పీక్ ఫ్లో మీటరు అని అడిగితే మందుల షాపుల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. కరెంటు అక్కరలేదు, సెల్లు అక్కరలేదు. నిలబడి, నిండా గాలి పీల్చి, పెదవులు బిగించి ఒక్కసారిగా ఊదాలి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. ఒక్కొక్కరికి నోట్లో పెట్టే ముక్క వేరుగా ఉండాలి. దూది పనిలో ఉన్నవాళ్ళు సోమవారం పనికి ముందు, పని తర్వాత ఊది, తేదీ వేసి రాయాలి. శుక్రవారం కూడా అట్లే. రెండు మూడు నెలలు రాసిన నోటు పట్టుకొని ఈ.ఎస్.ఐ. డాక్టరు దగ్గరికి పోయి, పెద్ద ఊదుడు పరీక్షకు రాయించుకోవాలి. నా రొమ్ము బరువుగా ఉందయ్యా అని చెప్పేదానికీ, సోమవారం సోమవారం ఇంత పడిపోతోందయ్యా అని కాగితం చూపించేదానికీ చాలా తేడా ఉంది.

మా పేట సంఘం గదిలో ఒక గొట్టం, ఒక గడియారం, ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టినాము. నెలలో మొదటి ఆదివారం పొద్దున తెరుస్తాము. పదో తరగతి చదివే ఇద్దరు ఆడపిల్లలు అంకెలు రాస్తారు. తరమణి పిల్ల ఆదివారాలు వచ్చి వాళ్ళకు నేర్పిస్తానంది. ఊపిరి ఎక్కువగా ఉన్నవాళ్ళను ఓటేరి ఆస్పత్రికి తోడుగా తీసుకొనిపోయే పని నాది. రాత్రిళ్ళు ఏదైనా అయితే తలుపు తట్టాల్సిన నాలుగు ఇళ్ళ పేర్లు గోడ మీద రాసినాము. నోటు పుస్తకంలో మొదటి గీత తమ్ముడిది, 170. రెండోది నాది, 340. మొదటి ఆదివారం 19 మంది వచ్చినారు. వాళ్ళల్లో ఆరుగురు ఇప్పుడూ మిల్లు పనికి పోతున్నవాళ్ళు. అందులో ఒకడికి 26 ఏళ్ళు, రొమ్ము బరువు సోమవారాలు మాత్రమే వస్తుందని చెప్పినాడు. మొదట వాడి కాగితం పని చూడాలి.